ఆగస్టులో ట్రౌట్ వేట: అపోహలు - వాస్తవాలు

జులై నెలాఖరు నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా నాకొచ్చే ఫోన్లన్నిట్లో విషయం ఒకటే, మాట్లాడే గొంతులే వేరు. "అన్నా, శనివారం టిఫిన్లు చేసి బయల్దేరతాం. ఒంటిగంటకల్లా నది దగ్గరుంటాం. పిల్లలతో నాలుగు ట్రౌట్లు పట్టించు, ఫొటోలు తీసుకుని వదిలేస్తాం." డెన్వర్, అరోరా, పార్కర్ వైపునుంచి వస్తాయివి. ట్రౌట్ అంటే చల్లటి నీళ్ళలో బతికే చేప. అమెరికాలోని కొలరాడో కొండల్లో ఫ్లై ఫిషింగ్, అంటే ఈకా దారంతో కట్టిన ఉత్తుత్తి పురుగుతో (దాన్నే ఫ్లై అంటారు) గాలం వెయ్యడం, నేర్పించడం నా పని. ఒంటిగంటకొద్దు, తెల్లారి ఆరింటికి రండి అంటాను. "కొండల్లో నీళ్ళే కదన్నా, ఎప్పుడైనా ఐసు లాగే ఉంటాయి, అంత పొద్దున్నే ఎందుకు?" అంటారు. ఈ రాతలో సగానికి పైగా ఆ మాట మీదే. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: కొండ నది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, వదిలేసిన చేప ఎలాగూ బతుకుతుంది

జూన్‌లో మొదటి సగం నిజమే. మంచు కరిగిన నీరు ఒడ్లు ఒరుసుకుని పారుతుంది, కాలు పెడితే ఎముకలు లాగేస్తాయి. ఆగస్టుకి ఆ మంచు అయిపోతుంది. ప్రవాహం జూన్‌లో ఉన్నదాంట్లో చిన్న వంతుకి పడిపోతుంది. ఉన్న కాస్తలో పొలాలకి తోడుకునేది తోడుకుంటారు. మిగిలిన పల్చటి నీరు నల్లటి బండల మీదుగా, ఏడెనిమిది వేల అడుగుల ఎత్తులో, అడ్డులేని ఎండలో రోజంతా పారుతుంది. పొద్దున్న 58 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్న ఏరు సాయంత్రానికి 70 దాటడం మామూలే. నీరు బాగా వేడెక్కేది మిట్టమధ్యాహ్నం అనుకుంటారు చాలామంది. కాదు, నాలుగూ ఆరూ మధ్యన. అన్నిటికన్నా చల్లగా ఉండేది తెల్లవారుజామున.

చెయ్యి పెట్టి చూస్తే తెలియదా అంటారు. తెలియదు. 68 ఫారన్‌హీట్ అంటే 20 సెల్సియస్. మన ఒళ్ళు 37. ఇరవై డిగ్రీల నీళ్ళలో చెయ్యి పెడితే ఎవరికైనా "అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయో" అనే అనిపిస్తుంది. ట్రౌట్‌కి మాత్రం అది ప్రమాదం మొదలయ్యే గీత. 77 ఫారన్‌హీట్ దగ్గర రెయిన్‌బో ట్రౌట్ ఎవరూ పట్టుకోకపోయినా చచ్చిపోవచ్చు.

ఎందుకంటే రెండు లెక్కలు ఎదురెదురుగా నడుస్తాయి. చల్లటి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది, వేడి నీళ్ళలో తక్కువ. సముద్రమట్టం దగ్గర 10 సెల్సియస్ నీళ్ళలో లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాములు పడుతుంది, 20 దగ్గర 9. ఎనిమిది వేల అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అందులోనూ ముప్పావు వంతే, అంటే 7కి కాస్త తక్కువే. అదే పది డిగ్రీల తేడాకి చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ దాదాపు రెట్టింపవుతుంది. అవసరం పెరుగుతున్న వేళకే సరఫరా తగ్గుతోందన్నమాట. అలాంటప్పుడు మనం గాలం వేసి దాన్ని ఐదు నిమిషాలు పరుగెత్తించి, ఆ పైన ఒడ్డుకి తీసి ఫొటోకి పట్టుకుంటున్నాం.

"కానీ ఈదుకుంటూ వెళ్ళిపోయిందన్నా, నా కళ్ళతో చూశాను." చూశారు, నిజమే. ఈదుకుంటూ పోవడం వేరు, బతకడం వేరు. పెనుగులాటలో కండరాల్లో పేరుకున్న ఆమ్లం రక్తంలోకి దిగి సర్దుకోవడానికి గంటలు పడుతుంది. చల్లటి నీళ్ళలో ఆ గంటలు గడిచిపోతాయి. వేడి నీళ్ళలో గడవవు. చచ్చిన ట్రౌట్ చాలాసార్లు వెంటనే తేలదు, అడుగున రాళ్ళ సందున పడుంటుంది. అందుకే పట్టినవాడికి జన్మలో తెలియదు. 1992లో కెనడా పరిశోధకులు రెయిన్‌బో ట్రౌట్లని అలిసిపోయేదాకా తరిమి చూశారు. నీళ్ళలోంచి తియ్యకుండా వదిలినవాటిలో 88 శాతం పన్నెండు గంటల తరవాత బతికున్నాయి. 30 సెకన్లు గాలిలో ఉంచితే 62 శాతం. ఒక్క నిమిషం ఉంచితే 28 శాతం. ల్యాబులో మరీ గట్టిగా తరిమారు, నదిలో లెక్క ఇంత ఘోరంగా ఉండదని వాదించేవాళ్ళున్నారు. ఉండకపోవచ్చు. కానీ ఆ ఒక్క నిమిషం ఎంతో మీ ఫోన్‌లో టైమర్ పెట్టి చూడండి. "ఇటు తిరుగు, ఎండ పడుతోంది, నవ్వు" అనేలోపు అయిపోతుంది.

నిరుడు ఆగస్టులో ఒక కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, మూడు గంటల ఎండలో పద్దెనిమిది అంగుళాల బ్రౌన్ ట్రౌట్ పట్టాడు. నా మనిషి కాదు, వంపు అవతల ఒక్కడే వేస్తున్నాడు. వాడి కేక విని వెళ్ళాను. జాగ్రత్తగానే వదిలాడు పాపం, చేతులు తడుపుకుని మరీ. చేప తోక విదిల్చి వెళ్ళింది. మేమిద్దరం మాట్లాడుకుంటూ కిందికి నడిచాం. పావుగంటలో అదే చేప, వీపు మీద అదే పాత మచ్చ, పక్కకి ఒరిగి మొప్పలు కొట్టుకుంటూ ఒడ్డు వారన కనిపించింది. కుర్రాడి మొహం చూడలేకపోయాను. వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. "పట్టి వదిలితే పుణ్యం" అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేవాళ్ళకి మాత్రం ఉష్ణోగ్రత సంగతి ఒక్క ముక్క రాయడానికి తీరిక దొరకదు.

కాబట్టి థర్మామీటర్ కొనండి. తాడు కట్టిన చిన్నది ఏ ఫ్లై షాపులోనైనా దొరుకుతుంది, రెండు మూడు డజన్ల ఫ్లైల ఖరీదు కూడా ఉండదు. ఒడ్డు పక్కన నిలవ నీళ్ళలో కాదు, పారే నీళ్ళలో, మీ నీడ పడేచోట, మోకాలి లోతున రెండు నిమిషాలు ఉంచండి. 65 ఫారన్‌హీట్ లోపు ఉంటే హాయిగా వేసుకోండి. 65 దాటితే చుట్టబెట్టే ఆలోచన మొదలుపెట్టండి, చేపని త్వరగా లాగండి, ఒడ్డుకి తియ్యకండి. 68 అయితే రాడ్ మడిచెయ్యండి. పాలకొల్లు నుంచి వచ్చిన మా అమ్మ మొదటిసారి ఇది చూసి "ఏరా, ఏటికి జ్వరమొచ్చిందా?" అంది. వచ్చిందమ్మా అన్నాను.

ఇక అధికారుల సంగతి. నీరు వేడెక్కినప్పుడు కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళు కొన్ని నదుల్లో మధ్యాహ్నం నుంచి, లేదా రోజంతా, వేట ఆపమంటారు. అది వాలంటరీ క్లోజర్, అంటే మన ఇష్టానికి వదిలేసినది, అయితే గాలం వేసినా ఫైనుండదు, సిగ్గు మాత్రం ఉండాలి. తప్పనిసరి క్లోజర్ అయితే టికెట్ రాస్తారు. స్టీమ్‌బోట్ దగ్గర యాంపా నదికి ఎండాకాలంలో ఇది కొత్త కాదు. మోంటానాలో దీన్ని హూట్ ఔల్ అంటారు, మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా బంద్. మూడు గంటలు కారు నడిపి, పిల్లల్ని కునుకు మధ్యలో లేపి దింపి, బోర్డు చూసి వెనక్కి తిరిగిన కుటుంబాల్ని ఎంతమందినో చూశాను. ముందు రోజు రాత్రి ఆ డిపార్టుమెంటు వెబ్‌సైటు చూడండి, నది ప్రవాహం కొలిచే ప్రభుత్వ యూఎస్‌జీఎస్ గేజ్ లెక్కలు ఉచితం, అవీ చూడండి. కొన్ని గేజుల్లో నీటి ఉష్ణోగ్రత కూడా ఉంటుంది.

పొద్దున్నే లేవలేమంటారా? అయితే డ్యామ్ కిందికి వెళ్ళండి. రిజర్వాయర్ అడుగునుంచి వదిలే నీరు ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. చీజ్‌మన్ కాన్యన్‌లో సౌత్ ప్లాట్, సిల్వర్‌థార్న్‌లో డిల్లన్ డ్యామ్ కింద బ్లూ రివర్, రూడై కింద ఫ్రయింగ్‌పాన్, ఇవన్నీ అలాంటివే. లేదా పదివేల అడుగుల పైన చిన్న వాగులు. అక్కడి బ్రూక్ ట్రౌట్ జానెడు కూడా ఉండదు, కానీ పడ్డ ప్రతి ఫ్లైకీ ఎగబడుతుంది. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఈ వాగులే. అయినా రెండుచోట్లా థర్మామీటర్ ముంచండి. రిజర్వాయర్ బాగా ఎండిన ఏడాది డ్యామ్ కింద నీళ్ళని కూడా నమ్మడానికి లేదు.

అపోహ: ఎంత సన్నటి టిప్పెట్ అయితే అంత గొప్ప

టిప్పెట్ అంటే ఫ్లైకి కట్టే చివరి సన్నటి దారం, ఎక్స్ ముందు అంకె పెరిగేకొద్దీ ఇంకా సన్నం. నీళ్ళు అద్దంలా ఉంటాయి కాబట్టి చేప దారం చూస్తుందని 7ఎక్స్ కట్టి, తెగుతుందన్న భయంతో పది నిమిషాలు ఆడిస్తారు. పైన చెప్పిందంతా చదివాక ఇది ఎందుకు తప్పో మళ్ళీ చెప్పక్కర్లేదు. పొద్దున్న ట్రైకోలనే చిట్టి పురుగులు లేచినప్పుడు వాటిలాగే చిన్నదైన 22 నంబరు ఫ్లైకి 6ఎక్స్ సరే. మిడతలా కట్టిన పెద్ద ఫ్లై హాపర్‌కి 4ఎక్స్ కట్టి, రాడ్ పక్కకి వంచి, గట్టిగా లాగెయ్యండి. ముల్లు లేని హుక్కు, రబ్బరు వల. వదిలేటప్పుడు దాని మూతి ప్రవాహానికి ఎదురుగా పట్టుకుంటే చాలు. ముందుకీ వెనక్కీ గుంజకండి, మొప్పలకి అది మంచిది కాదు.

అపోహ: ఎండాకాలంలో చేపలన్నీ లోతు మడుగుల్లో దాక్కుంటాయి

కొన్ని. చాలావరకు రాళ్ళ మీద నురగలు కక్కే పల్చటి నీళ్ళలోకి వస్తాయి, ఆక్సిజన్ అక్కడుంది కాబట్టి. మీరు మోకాళ్ళ లోతున నిలబడి అవతలి మడుగులోకి విసురుతుంటే మీరు నిలబడ్డ చోటే ఉండాల్సిన చేపని తరిమేశారన్నమాట. అసలు యాభై అడుగులు విసరాలన్నదే సినిమా చూసి వచ్చిన పిచ్చి. ముప్ఫై అడుగులు శుభ్రంగా వేస్తే కొలరాడోలో జీవితం గడిచిపోతుంది. తొమ్మిదడుగుల మధ్యరకం రాడ్ (5 వెయిట్ అంటారు) ఒక్కటి చాలు, మొదటి ఏడాది ఖరీదైనది కొనకండి.

అపోహ: ఫ్లై అంటే ఈగని గుచ్చడం

దారం, ఈక, కాస్త వెంట్రుక, అంతే. శాకాహారులు కూడా నిశ్చింతగా కట్టొచ్చు అనబోయాను కానీ ఆ ఈక కోడిది. డ్రై ఫ్లై, అంటే నీటి మీద తేలే రకం, చాలామటుకు తేలేది కోడిపుంజు మెడ ఈక బిరుసు వల్లే. దానికోసమే పుంజుల్ని పెంచే పెద్ద ఫారం ఒకటి మన కొలరాడోలోనే, డెల్టాలో ఉంది. పందెంకోళ్ళ ఊరినుంచి వచ్చినవాణ్ణి కదా, షాపులో ఈకల ప్యాకెట్లు చూస్తే ఇది కాకి, ఇది డేగ, ఇది సేతు అనే నోటికొస్తుంది. వీళ్ళకీ రంగురంగుకీ పేరుంది. గ్రిజ్లీ, డన్, జింజర్, బ్యాడ్జర్. ఈక చూసి పుంజు విలువ కట్టే మనుషులు రెండు దేశాల్లోనూ ఉన్నారు.

అపోహ: పట్టిన ట్రౌట్‌ని తినడం తప్పు

ఎవరు చెప్పారు? చాలా నీళ్ళలో రోజుకి నాలుగు ఉంచుకోవచ్చు. కొన్నిచోట్ల పట్టి వదలాల్సిందే, ఆ నదికి రూలేమిటో పుస్తకంలో చూసుకోండి. నా ఉద్దేశంలో, వేడి రోజున రెండు ఉంచుకుని పులుసు పెట్టుకుని ఇంటికెళ్ళినవాడు, ఇరవై పట్టి ఇరవై "వదిలిన"వాడికన్నా నదికి తక్కువ నష్టం చేశాడు. పులస రుచి వస్తుందా అని అడక్కండి. రాదు.

అపోహ: మబ్బు పట్టింది, ఇప్పుడే బాగా పడతాయి

పడతాయి, పిడుగులు కూడా. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు ఇక్కడ రోజూ ఉండే తంతు. మీ చేతిలో ఉన్నది తొమ్మిదడుగుల గ్రాఫైట్ కడ్డీ, అందులోంచి కరెంటు పారుతుంది. ఉరుము వినపడిందా, రాడ్ దించి కారులోకి వెళ్ళండి, చివరి ఉరుము తరవాత అరగంట ఆగండి. చెట్టు కింద నిలబడటం జాగ్రత్త కాదు. అడవి కాలిన కొండల కింద ఇంకో భయం ఉంది. 2020 మంటల్లో కాలిన పూడర్ కాన్యన్‌లో 2021 జులైలో బురద వరద మనుషుల్ని, ఇళ్ళని కొట్టుకుపోయింది. మీ నెత్తిన చినుకు పడకపోయినా ఎగువన కురిస్తే చాలు. నీరు ఉన్నట్టుండి కాఫీ రంగుకి తిరిగితే ఫ్లై గురించి ఆలోచించకండి, పైకెక్కండి.

అపోహ: వీసా మీద ఉన్నవాళ్ళకి లైసెన్సు ఇవ్వరు

ఇది అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళ భయం నాకు తెలుసు. చిన్న టికెట్ పడినా ఎక్కడో ఏదో ఫారంలో రాయాలేమోనని నిద్రపట్టదు, నేనూ ఆ ఏళ్ళు గడిపినవాణ్ణే. లైసెన్సుకి పౌరసత్వం అక్కర్లేదు. కొలరాడోలో ఆరు నెలలుగా నివాసం ఉంటే రెసిడెంటు ధరకే ఇస్తారు. పదహారేళ్ళ లోపు పిల్లలకి లైసెన్సే అక్కర్లేదు. జూన్ మొదటి శని, ఆదివారాలు అందరికీ ఉచితం. చూడటానికొచ్చిన అమ్మానాన్నలకి నాన్‌రెసిడెంటు ఒకరోజు లైసెన్సు దొరుకుతుంది, పాస్‌పోర్టు తీసుకెళ్ళండి. "నా లైసెన్సు ఉందిగా, నాన్న ఓ రెండు సార్లు విసురుతాడు" అంటే కుదరదు. రాడ్ ఎవరి చేతిలో ఉంటే లైసెన్సు వాళ్ళ పేరు మీద ఉండాలి.