విడాకులైతే అత్తింటి ఆస్తిలో సగం వస్తుందా? అపోహలు - వాస్తవాలు

ఫ్యామిలీ కోర్టు కేసులు చూసే న్యాయవాదిగా నేను తరచూ వినే మాట: "వాళ్లకు పదెకరాలుంది మేడమ్, మా అమ్మాయికి సగం రాయించండి." ఇంకొందరిది ఇంకో మాట: "ఎలాగూ ఏమీ రాదట, సంతకం పెట్టేసి వచ్చేద్దాం." రెండూ తప్పే. రెండోదాని వల్ల ఆడపిల్లలు ఎక్కువ నష్టపోతున్నారు. ఇక్కడ చెప్పేదంతా హిందూ చట్టం గురించే.

అపోహ: విడాకులైతే సగం ఆస్తి భార్యదే.

వాస్తవం: అలాంటి చట్టం లేదు. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇవ్వాలన్న బిల్లును 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. అదే చట్టమని చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు. కానీ లోక్‌సభ దాన్ని ఆమోదించలేదు. విడాకులైనంత మాత్రాన భర్త పూర్వీకుల ఆస్తిలో గానీ, మామగారి స్వార్జితంలో గానీ కోడలికి వాటా రాదు.

అపోహ: వాటా లేకపోతే వట్టి చేతులతో రావాల్సిందే.

వాస్తవం: అసలు సంగతంతా ఇక్కడే ఉంది. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం అడగొచ్చు. కోర్టు విడాకుల డిక్రీ (తుది ఉత్తర్వు) ఇచ్చేటప్పుడే కాదు, ఆ తర్వాతైనా అడగొచ్చు. భరణం తేల్చేటప్పుడు కోర్టు భర్త జీతంతో పాటు ఆస్తినీ చూస్తుంది. ఉమ్మడి ఆస్తిలో అతనికొచ్చే వాటా కూడా అందులో లెక్కకొస్తుంది. అవసరమైతే ఆ భరణాన్ని అతని స్థిరాస్తి మీద ఛార్జీగా, అంటే ఆ ఆస్తే భరణానికి హామీగా ఉండేలా, పెట్టమని కోరవచ్చు. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలని 2020లో రజ్నేష్ - నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "పొలమంతా మా నాన్నదే, నాకేం లేదు" అని భర్త అఫిడవిట్‌లో రాస్తే నమ్మి ఊరుకోకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి. ఆంధ్రాలో అయితే 1బీ, అడంగల్ అనే భూమి రికార్డులు కూడా చూడండి.

పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం స్త్రీధనం. అది భరణంలో భాగం కాదు, పూర్తిగా ఆమె సొంతం. భర్త దగ్గరున్నా దాని మీద అతనికి హక్కు ఉండదని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చిక్కల్లా కాగితాల దగ్గరే వస్తుంది. పసుపు కుంకుమ పొలానికి పాస్‌బుక్ అల్లుడి పేరిట చేయించిన కుటుంబాలను ఎన్నో చూశాను. దయచేసి అలా చేయకండి.

అపోహ: ఏళ్ల తరబడి విడిగా ఉంటే భార్య కానట్టే.

వాస్తవం: డిక్రీ వచ్చేవరకు ఆమె భార్యే. కేసు నడుస్తుండగా భర్త వీలునామా రాయకుండా చనిపోతే, అతని వాటాలో పిల్లలతో, అతని తల్లితో సమానంగా ఆమెకూ భాగం ఉంటుంది. డిక్రీ వచ్చాక ఆ వారసత్వం ఉండదు. అందుకే నెలనెలా ఇస్తామన్న మాట మీద తొందరపడి సంతకం చేయొద్దని చెబుతుంటాను. ఒప్పుకున్న మొత్తం డీడీ రూపంలో చేతికొచ్చాకే డిక్రీ తీసుకోవడం మేలు.

అపోహ: ఇల్లు అత్తమామల పేరిట ఉంటే కోడలికి అక్కడ నిలువనీడ ఉండదు.

వాస్తవం: కాపురం చేసిన ఇల్లు అత్తమామలదైనా, గృహహింస చట్టం కింద అక్కడ ఉండే హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అది ఉండే హక్కు మాత్రమే. ఇంటి యాజమాన్యం రాదు.

అపోహ: తల్లికి విడాకులైతే పిల్లలకూ ఆ ఇంటితో సంబంధం తెగినట్టే.

వాస్తవం: ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే కొడుక్కైనా కూతురికైనా పుట్టుకతోనే హక్కు ఉంటుంది. మైనర్ల తరఫున తల్లి భాగపంపిణీ దావా వేయొచ్చు. తాత స్వార్జితానికి మాత్రం ఇది వర్తించదు. పరస్పర అంగీకార విడాకుల ఒప్పందాల్లో "పిల్లలకు కూడా ఎలాంటి హక్కులూ లేవు" అనే వాక్యం తరచూ కనిపిస్తుంది. తన భరణం వదులుకున్నంత తేలిగ్గా పిల్లల వాటాను తల్లి రాసిచ్చేయలేదు. ఆ వాక్యం కొట్టేయించాకే సంతకం పెట్టండి.