గాయం బలం గ్రాముల్లో ఉంటుందా?

మందు వేసిన గాయం ఎంత గట్టిగా మానిందో చూడ్డానికి ఎలుక వీపు మీద కోత పెట్టి, అది మానుతున్న దశలో మళ్లీ లాగి విప్పే పరీక్ష మీద విశాఖ ఫార్మసీ వర్గాల్లో వాదన మళ్లీ రాజుకుంది. ఎలుకలను ఇలా కోయడం తగదని జంతుప్రేమికులు, ఆ పరీక్ష చాలని పరిశోధన గైడ్‌లు అంటున్నారు. 1951లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువు మొదలైన ఊరు ఇది, ఊరి పొలిమేరలోనే పరవాడ ఫార్మా సిటీ. ఇక్కడ ఈ గొడవ అంత తేలిగ్గా సద్దుమణగదు. తెగిన వేలికి గడ్డిచామంతి పసరు పిండడం అందరికీ తెలిసిందే కనుక ఆ పాత సంగతులు వదిలేస్తున్నాను. అసలు చిక్కు 1968లో పడిందని నా నమ్మకం.

ఆస్పిరిన్ గాయం మానడాన్ని ఎలా ఆలస్యం చేస్తుందో పరిశీలిస్తూ కె.హెచ్. లీ అనే పరిశోధకుడు ఆ ఏడాది నీటిధార పద్ధతిని ప్రకటించాడు. మన ల్యాబుల్లో అది ఇలా నడుస్తుంది. ఎలుక వెన్నుపక్కన ఆరు సెంటీమీటర్ల కోత పెట్టి కుట్టేస్తారు. వారం దాటాక కుట్లు తీస్తారు. పదో రోజు మత్తిచ్చి, గాయానికి అటొకటి ఇటొకటి ఫోర్సెప్స్ తగిలిస్తారు. ఒకటి స్టాండుకు బిగించి ఉంటుంది. రెండోదానికి కట్టిన దారం కప్పీ మీదుగా జారి, కొసన ఖాళీ పాలిథిన్ సంచితో వేలాడుతుంది. పైనున్న సీసాలోంచి రబ్బరు గొట్టం గుండా సంచిలోకి నీళ్లు సన్నగా పడుతుంటాయి. గాయం అంచులు విచ్చుకున్నట్టు కంటికి ఆనగానే గొట్టం నొక్కేస్తారు. సంచిలో ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లుంటే గాయం బలం అన్ని గ్రాములు.

యంత్రం కొనక్కర్లేదు, కరెంటు పోయినా ఆగదు. అందుకే అది ఇంతగా పాతుకుపోయింది. దాంతోపాటే ఒక తప్పూ పాతుకుపోయింది. గ్రాముల్లో వచ్చేది గాయం విడిపోవడానికి పట్టిన బరువు, అంటే బ్రేకింగ్ స్ట్రెంత్. చాలామంది దాన్నే టెన్సైల్ స్ట్రెంత్ అని రాస్తారు. టెన్సైల్ స్ట్రెంత్ కావాలంటే ఆ బరువును మచ్చ అడ్డుకోత వైశాల్యంతో, అంటే వెడల్పును మందంతో గుణిస్తే వచ్చేదానితో, భాగించాలి. ఉదాహరణకు రెండు గాయాలూ 400 గ్రాములకే విడిపోయాయనుకుందాం. ఒకదాని అడ్డుకోత 20 చదరపు మిల్లీమీటర్లు, రెండోదానిది 40. మొదటి మచ్చ కణజాలం రెండోదానికంటే రెట్టింపు గట్టిది. గ్రాముల పట్టికలో మాత్రం రెండూ సమానమే.

పదో రోజు సంగతి కూడా చూడాలి. తొలి నాలుగైదు రోజులు గాయానికి సొంత బలం దాదాపు ఉండదని హోవ్స్ బృందం 1929లోనే చూపింది. ఎలుక చర్మంలో మూడు వారాలకు వచ్చేది మామూలు బలంలో సుమారు 20 శాతమేనని, నెలలు గడిచినా 70-80 శాతం దగ్గరే ఆగుతుందని 1965లో లెవెన్సన్ బృందం తేల్చింది. అంటే పదో రోజు మనం కొలిచేది ఆరంభాన్ని. ఆ ఒక్క అంకె చూసి మచ్చ గట్టిగా మానిందని రాసెయ్యడం నాకు మింగుడుపడదు.

ఒకే వయసు ఎలుకలకు ఒకే కొలత కోత పెట్టి, మందు వెయ్యని గుంపుతో పోలుస్తున్నప్పుడు గ్రాములు చాలవా అని గైడ్‌లు అడుగుతారు. పోలిక వరకూ ఆ మాట నిజమే. పళ్లెంలో పెంచిన కణాల పొరను గీకి చూసే పరీక్ష, కణాలు ఎంత త్వరగా పాకాయో చెబుతుందే తప్ప మచ్చ ఎంత లాగుడు తట్టుకుంటుందో చెప్పదన్నదీ నిజమే. కొత్త మందుల నిబంధనలకు 2023లో చేసిన సవరణ జంతువులు లేని పద్ధతులకు తలుపు తెరిచింది. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం అవి ఇంకా పూర్తి జవాబు కావు.

కానీ జంతు ప్రయోగాలపై 1998 నిబంధనలు వచ్చాక, ఎన్ని ఎలుకలు కావాలో, ఎందుకు కావాలో ఎథిక్స్ కమిటీకి ముందే రాసివ్వాల్సిందే. జంతుప్రేమికుల అభ్యంతరంలో నాకు బలంగా తోచేది ఇక్కడే ఉంది. మచ్చ మందం రాయని ఫలితం ఇంకో ల్యాబుకు పనికిరాదు. అక్కడ మళ్లీ ఎలుకల వీపులు కోయాలి. గొట్టం నొక్కే మనిషికి ఏ ఎలుక ఏ గుంపుదో తెలిసుంటే ఆ అంకెను నమ్మడమూ కష్టమే.

కోత పెట్టక తప్పదనుకుంటే, ప్రయోగం చివర ఎలుక ప్రాణం తీశాక మచ్చ మీదుగా ఒకే వెడల్పు చర్మపు పట్టీలు తీసి, మందం కొలిచి, లాగుడు యంత్రంలో బిగించవచ్చు. అదే చర్మంలో మిగిలిన ముక్క, మచ్చలో కొలాజెన్ అనే ప్రోటీన్ ఎంత చేరిందో చెప్పే హైడ్రాక్సీప్రోలిన్ పరీక్షకు సరిపోతుంది. దానికోసం వేరే ఎలుకల గుంపు అక్కర్లేదు.