ససాండో ఒకటి కాదు, రెండు

ఇండోనేషియా వాద్యాల్లో చూడగానే గుర్తుండిపోయేది ససాండో. మధ్యలో నిలువు వెదురు గొట్టం, దాని చుట్టూ తీగలు, వెనక విప్పారిన తాటాకు. 1992 నాటి 5,000 రూపియాల నోటు మీద దీని బొమ్మే వేశారు. ఇంత పేరున్నా, పుట్టింట్లో, అంటే రోటె ద్వీపంలో, పాత ససాండో వాయించేవాళ్లు తగ్గిపోతున్నారన్న బెంగ ఉంది.

రోటె ఇండోనేషియాకి దక్షిణపు కొసన, తిమోర్ పక్కనే ఉంటుంది. వానలు తక్కువ. తరతరాలుగా అక్కడి బతుకుతెరువు తాటిచెట్టే. గీసిన నీరా తాగుతారు, మిగిలింది కాచి పాకం చేసి దాచుకుంటారు. ఆకుతో ఇల్లు కప్పుతారు, టోపీలు అల్లుతారు. నీరా మోసే ఆకు బుంగ పేరు హాయిక్. ససాండో వెనక ఉండేదీ అలా మడిచిన ఆకే. తాటివనంలో డొప్ప పట్టి కల్లు తాగినవాళ్లకి ఆ మడత కొత్తగా అనిపించదు. తీగకీ వెదురుకీ మధ్య చిన్న చెక్కముక్కలు ఉంటాయి. వాటిని జరిపితే శ్రుతి మారుతుంది. నాదాన్ని పెంచేది ఆకు.

చిక్కంతా శ్రుతి దగ్గరే. పాతది ససాండో గోంగ్. తీగలు తక్కువ, స్వరాలు ఐదే. ఊరి గంటల మేళం వరసలు దాని మీద పలుకుతాయి, రోటె భాషలో పాట తోడవుతుంది. రెండోది ససాండో బియోలా. తీగలు చాలా ఎక్కువ, పాశ్చాత్య సప్తస్వరాలు. నోటు వల్లో, టూరిస్టుల వల్లో పాతది వెనకబడిందంటే నేను ఒప్పుకోను. డచ్చివాళ్ల కాలంలోనే, 18వ శతాబ్దంలో, రోటె రాజులు క్రైస్తవంలోకి మారారు, బడులు వచ్చాయి. చర్చి కీర్తనలకి ఏడు స్వరాలు కావాలి, ఐదు స్వరాల గోంగ్ మీద అవి పలకవు. 1958లో తిమోర్‌లోని కుపాంగ్ ఊరు రాజధానిగా, రోటెని కలుపుకుని కొత్త రాష్ట్రం ఏర్పడింది. వేదికలన్నీ ఆ ఊళ్లోనే, అక్కడ అడిగేవి జాతీయ గీతాలు, సినిమా పాటలు. వాటికీ బియోలానే పనికొస్తుంది. ఎలక్ట్రిక్ ససాండో వచ్చాక నాదం పెంచడానికి ఆకుతో కూడా పని లేకపోయింది.

బియోలాని అంకెల స్వరలిపితో బళ్లో నేర్పొచ్చు. గోంగ్ సంగతి అలా కాదు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని చెవితో పట్టుకోవాలి, పాటకి రోటె భాష రావాలి. కుపాంగ్‌లో పెరిగే పిల్లలకి ఇంట్లో వినపడేది ఎక్కువగా మలయ్.