వెనోనా: మాస్కోకు తెలుసు, అమెరికా ప్రజలకే తెలియదు

1995 జులైలో అమెరికా ప్రభుత్వం వెనోనా అనే పాత దస్త్రాన్ని బయటపెట్టింది. అమెరికాలోని సోవియట్ గూఢచారులు 1940లలో మాస్కోకు పంపగా, అమెరికా గుట్టుగా విప్పి చదివిన టెలిగ్రాములే అందులో ఉన్నాయి. ఈ రహస్యం ఎవరికి తెలియకూడదని అంతకాలం దాచారో, ఆ సోవియట్ యూనియన్‌కు అర్ధ శతాబ్దం ముందే తెలుసు. వినవలసిన వాళ్లలో చివరివారు సొంత ప్రజలే.

పని మొదలైంది 1943 ఫిబ్రవరిలో, వర్జీనియాలోని ఆర్లింగ్టన్ హాల్‌లో. సైన్యం స్వాధీనం చేసుకోకముందు అది ఆడపిల్లల కళాశాల. మొదట పనికి కూర్చున్న జీన్ గ్రాబీల్ అంతకుముందు బడిలో టీచరు. అప్పటికి సోవియట్ యూనియన్ మిత్రదేశమే. అయినా దాని టెలిగ్రాముల నకళ్లు అమెరికా సైన్యం దగ్గర పోగుపడుతూనే ఉన్నాయి.

లెక్క ప్రకారం వాటిని ఎవరూ చదవలేరు. ముందు సంకేత నిఘంటువు చూసి మాటలను అంకెలుగా మారుస్తారు. ఆ అంకెలకు ఒక పుస్తకంలోని యాదృచ్ఛిక అంకెలు కలుపుతారు. వాడిన పేజీని మళ్లీ వాడరు. ఈ చివరి నియమమే ఆ పద్ధతికి ప్రాణం. 1942 తొలినాళ్లలో, జర్మన్ సేనల ఒత్తిడి మధ్య, ఆ పుస్తకాలు అచ్చువేసినవారు సుమారు 35,000 పేజీలను రెండేసి సార్లు అచ్చువేశారు. ఒకే పేజీతో దాచిన రెండు సందేశాలు దొరికితే చాలు, ఒకదానిలోంచి మరొకటి తీసివేయగానే కలిపిన అంకెలు కొట్టుకుపోతాయి. 1943లోనే రిచర్డ్ హాలక్ ఈ లోపాన్ని పసిగట్టారు. ఆయన అసలు వృత్తి పురావస్తు శాస్త్రం.

అప్పటికీ నిఘంటువు మిగిలే ఉంది. దాన్ని ఒక్కో మాటగా తిరిగి కట్టుకుంటూ వచ్చిన భాషావేత్త మెరెడిత్ గార్డ్‌నర్ 1946 డిసెంబరులో ఒక సందేశం విప్పారు. అందులో ఉన్నవి అణుబాంబు పథకంలోని శాస్త్రవేత్తల పేర్లు. 1948 నుంచి అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అధికారి రాబర్ట్ లాంఫియర్ ఆయనతో కలిశారు. మారుపేర్ల వెనుక మనుషులు కనబడసాగారు. హోమర్ అంటే బ్రిటిష్ దౌత్యవేత్త డొనాల్డ్ మెక్‌లీన్. లిబరల్ అంటే జూలియస్ రోజెన్‌బర్గ్. రెస్ట్ అంటే అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆర్లింగ్టన్ హాల్‌లోనే పనిచేసిన రష్యన్ భాషా నిపుణుడు విలియం వైస్‌బాండ్ సోవియట్ మనిషి. 1949లో వాషింగ్టన్‌కు వచ్చి ఈ ఫలితాలు చూసిన బ్రిటిష్ అధికారి కిమ్ ఫిల్బీ కూడా అంతే.

ఇంత జరిగాక కూడా గుట్టు కాపాడాలనే పట్టుదల సడలలేదు. గూఢచర్యం ఆరోపణపై జరిగిన రోజెన్‌బర్గ్ దంపతుల విచారణలో ఒక్క వెనోనా కాగితం కూడా కోర్టుకు రాలేదు. జూలియస్ భార్య ఎథెల్‌పై కీలక సాక్ష్యం చెప్పినది ఆమె సొంత తమ్ముడే. రహస్య కాగితాలను ఆమె టైపు చేసిందన్న ఆ మాట అబద్ధమని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. భర్త పని ఆమెకు తెలుసని, ఆరోగ్యం బాగాలేక తాను మాత్రం పనిచేయడం లేదని 1944 నవంబరు నాటి టెలిగ్రామ్ చెబుతోంది. దాన్ని న్యాయమూర్తులు చూసి ఉంటే ఆమెకు మరణశిక్ష పడేదా? నాకు అనుమానమే. 1953 జూన్ 19న ఇద్దరికీ శిక్ష అమలైంది. మరోవైపు, టెలిగ్రాముల్లో దొరికిపోయిన యువ శాస్త్రవేత్త థియొడర్ హాల్‌పై అసలు కేసే పెట్టలేదు.

దాపరికం వల్ల మరో నష్టమూ జరిగింది. 1950లో సెనేటర్ మెకార్తీ ప్రభుత్వంలో కమ్యూనిస్టులున్నారంటూ జాబితాలు ఊపుతూ ఊరేగుతున్నప్పుడు, ఉత్త నిందకూ నిజమైన గూఢచర్యానికీ తేడా చెప్పగల కాగితాలు తాళాల వెనుకే ఉండిపోయాయి. అంతా కట్టుకథేనని ఒక వర్గం, అందరూ ద్రోహులేనని మరో వర్గం దశాబ్దాలపాటు వాదించుకున్నాయి.

1980లో పథకాన్ని మూసేనాటికి దాదాపు 3,000 సందేశాలను, చాలావరకు ముక్కలు ముక్కలుగానే, చదవగలిగారు. రోజెన్‌బర్గ్‌లతోపాటు శిక్షపడిన మోర్టన్ సోబెల్ 2008లో, 91 ఏళ్ల వయసులో, తానూ జూలియస్ సోవియట్‌లకు రహస్యాలు అందించామని ఒప్పుకున్నారు. వెనోనాలోని ఎన్నో మారుపేర్లు ఎవరివో మాత్రం ఇప్పటికీ తేలలేదు.