బేరింగు వేడెక్కితే గ్రీజు కొట్టాల్సిందేనా? అపోహలు – వాస్తవాలు

ఫ్యాన్లు, పంపులు, మోటార్ల బేరింగులకు సెన్సర్లు బిగించి, అవి చెప్పినదాన్ని బట్టి గ్రీజు అందించే పరికరాలు ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి. మంచిదే. కానీ నిర్వహణ విభాగంలో పాతుకుపోయిన నమ్మకాలనే కంట్రోలర్‌లోకి ఎక్కిస్తే, మనిషి నెలకోసారి చేసే తప్పును ఆ పెట్టె గంటకోసారి చేస్తుంది.

అపోహ: బేరింగు వేడెక్కిందంటే గ్రీజు తక్కువైనట్టే.

వాస్తవం: తక్కువైనా వేడెక్కుతుంది, ఎక్కువైనా వేడెక్కుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. గ్రీజు చాలకపోతే లోహానికి లోహం తగిలి రాపిడి పెరుగుతుంది. ఖాళీ లేకుండా కూరితే బంతులు దాన్ని చిలుకుతూ తిరగాలి, ఆ చిలకడంలోనే వేడి పుడుతుంది. సరైన మోతాదులో కొట్టినా, అదనం పక్కకు జరిగేదాకా కొన్ని గంటలపాటు ఉష్ణోగ్రత పెరిగి తర్వాత దిగుతుంది.

ఇక ఉష్ణోగ్రతను మాత్రమే చూసే కంట్రోలర్ ఏం చేస్తుంది? వేడి పెరిగిందని గ్రీజు పంపుతుంది. దాంతో వేడి ఇంకాస్త పెరుగుతుంది, మళ్లీ పంపుతుంది. లోపాన్ని దిద్దాల్సిన ఫీడ్‌బ్యాక్ దాన్నే పెంచి పోషిస్తుంది. పైగా ఇది కూరలో ఉప్పు లాంటి వ్యవహారం: వేయగలం, తీయలేం. అందుకని ఇలాంటి పరికరం కొనేటప్పుడు నేను ముందు చూసేది సెన్సర్‌ను కాదు. ఒక విడతకు ఎంత పంపుతుంది, తర్వాత ఎంతసేపు ఆగుతుంది, రోజుకు గరిష్ఠ పరిమితి ఉందా, ఆ పరిమితి దాటాల్సి వస్తే పంపడం మాని అలారం ఇస్తుందా అని అడుగుతాను. చివరి ప్రశ్నకు చాలామంది అమ్మకందారులు నీళ్లు నములుతారు.

ఉష్ణోగ్రత కంటే త్వరగా కబురు చెప్పేది అల్ట్రాసౌండ్, అంటే చెవికి అందని బేరింగు చప్పుడును పరికరంతో వినడం. బేరింగు బాగున్నప్పుడు డెసిబెల్ స్థాయిని నమోదు చేసుకోవాలి. అక్కడి నుంచి 8 డెసిబెల్స్ పెరిగితే గ్రీజు అవసరమని క్షేత్రంలో వాడుకలో ఉన్న లెక్క. కొద్దికొద్దిగా ఎక్కిస్తూ వింటే స్థాయి దిగుతుంది. దిగి మళ్లీ పెరగడం మొదలైతే వెంటనే ఆపాలి. ఎంత ఎక్కించినా దిగకపోతే జబ్బు వేరే ఉంది. అది బంతులు దొర్లే రింగు (రేసు) పగలడం కావచ్చు, షాఫ్టు అలైన్‌మెంట్ తప్పడం కావచ్చు. అక్కడ గ్రీజు మందు కాదు.

అపోహ: సీలు పక్కనుంచి గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి.

వాస్తవం: చేతి గన్ను వందల బార్ల పీడనం ఇవ్వగలదు, సీలు అంత తట్టుకోదు. మోతాదుకు సులువైన సూత్రం ఉంది: బయటి వ్యాసం, వెడల్పు మిల్లీమీటర్లలో గుణించి, 0.005తో హెచ్చిస్తే గ్రాములు వస్తాయి. 6316 బేరింగుకు 170 × 39 × 0.005, అంటే సుమారు 33 గ్రాములు. మీ గన్ను ఒక్క నొక్కుకు ఎంత ఇస్తుందో ఒకసారి త్రాసులో తూచి చూడండి. పాత గ్రీజు బయటికి పోయే డ్రెయిన్ ప్లగ్ తీయడం మరవకండి.

అపోహ: ఆటోమేటిక్ లూబ్రికేటర్ ఉందంటే ఫీడ్‌బ్యాక్ ఉన్నట్టే.

వాస్తవం: వాటిలో ఎక్కువ భాగం గడియారాలు. బేరింగు ఎలా ఉందో వాటికి తెలియదు. బేరింగు ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీలకు గ్రీజు వేయాల్సిన విరామం సగమవుతుంది. కాబట్టి జనవరిలో పెట్టిన సెట్టింగు మే నెలలో రామగుండం ఎండలకు సరిపోవాలని ఏమీ లేదు.

అపోహ: నూనె ఎంత చల్లగా ఉంటే బేరింగుకు అంత మేలు.

వాస్తవం: పెద్ద టర్బైన్ల జర్నల్ బేరింగుల్లో (వీటిలో బంతులుండవు, షాఫ్టు నూనె పొరపై తేలుతూ తిరుగుతుంది) నూనెను సాధారణంగా 40–50 డిగ్రీల మధ్య పంపేది ఊరికే కాదు. 40 డిగ్రీల దగ్గర 46 సెంటీస్టోక్స్ ఉండే నూనె చిక్కదనం 20 డిగ్రీలకు రెట్టింపు దాటుతుంది. భారం తక్కువగా ఉన్న బేరింగులో అంత చిక్కటి నూనె షాఫ్టును మధ్యకు నెట్టి అస్థిరం చేయగలదు. షాఫ్టు వేగంలో సుమారు 0.42 నుంచి 0.48 వంతు పౌనఃపున్యంలో కంపనం కనిపిస్తే అనుమానించాల్సింది ఆయిల్ వర్ల్‌నే, అంటే నూనె పొర షాఫ్టును చుట్టూ తిప్పుతూ ఊపడాన్నే. కూలర్‌లోకి వెళ్లకుండా పక్కనుంచి వచ్చే వేడి నూనెను చల్లటి నూనెలో తగుపాళ్లలో కలిపే త్రీ-వే వాల్వు ఇక్కడ చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే దాని చర్యను వెనక్కి తిప్పుకోవచ్చు.

ఇంకో అడుగు ముందుకేసి, డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇల్మార్ శాంటోస్ బృందం షాఫ్టు కదలికను కొలుస్తూ, సంకేతాన్ని బట్టి తెరుచుకునే సర్వో వాల్వుల ద్వారా, షాఫ్టు చుట్టూ ఉండి కొద్దిగా వాలగలిగే టిల్టింగ్ ప్యాడ్లలోని రంధ్రాల గుండా షాఫ్టుకూ ప్యాడ్లకూ మధ్య సందులోకి నూనెను చిమ్మి కంపనాన్ని అణచే బేరింగులపై ఏళ్లుగా పనిచేస్తోంది. మన ప్లాంట్లలో అది మామూలు వస్తువు కావడానికి టైముంది.

అపోహ: మంచి కంట్రోలర్ ఉంటే ఏ గ్రీజైనా ఒకటే.

వాస్తవం: పాలీయూరియా గ్రీజు ఉన్నచోట లిథియం గ్రీజు (రెండిట్లో చిక్కబరిచే పదార్థాలు వేరు) కలిస్తే చాలాసార్లు రెండూ పొసగక మెత్తబడి కారిపోతాయి. ఏ సెన్సరూ దాన్ని బాగుచేయలేదు. రెండు వైపులా సీలు వేసి వచ్చే చిన్న మోటారు బేరింగులకైతే ఈ గొడవే లేదు. వాటికి గ్రీజు ఎక్కించే నిపుల్ అసలు ఉండదు. అరిగితే మార్చడమే.