నెమ్మది బ్లేడ్ అంటే ఎంత నెమ్మది?

టేబుల్ టెన్నిస్ బ్యాట్ నుంచి రెండు రబ్బర్లూ ఊడదీస్తే మిగిలే చెక్కే బ్లేడ్. టేబుల్‌కు రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగి, అవతలివాళ్లు ముందుకు తిరిగేలా కొట్టే టాప్‌స్పిన్ బంతిని కిందికి కోస్తూ తిప్పి పంపే (దీన్నే చాప్ అంటారు) డిఫెన్స్ ఆటగాళ్లకు దుకాణాల్లో దొరికే బ్లేడ్‌లు అంతగా సరిపడవు. వాటిలో ఎక్కువ భాగం దాడి ఆటకు చేసినవే. అందుకే తల సైజు, మందం, బరువు, పొరల చెక్క, పిడి ఆకారం చెప్పి బ్లేడ్ చేయించుకునేవాళ్లున్నారు. అది కొరియర్‌లో తిరుపతికో చిత్తూరుకో చేరాక తేల్చుకోవాల్సినవి రెండు: మనం చెప్పినట్టు చేశారా, మనం చెప్పింది మన ఆటకు సరిపోతుందా. మొదటిది ఇంట్లో కొలిచి తెలుసుకోవచ్చు. రెండోది టేబుల్ దగ్గరే తేలుతుంది. చాలామంది మొదటిది వదిలేసి నేరుగా రెండోదానికి వెళ్తారు. తర్వాత బంతి బయటికి పోతుంటే తప్పు చెక్కదో, రబ్బరుదో, చేతిదో తెలియక తికమకపడతారు.

డిఫెన్స్ బ్లేడ్ నెమ్మదిగా ఉండాలన్నది సగం నిజం. బంతి మెల్లగా తగిలినప్పుడు రబ్బరు, దాని కింది స్పాంజి పొర మాత్రమే నొక్కుకుంటాయి, చెక్క దాదాపు కదలదు. లూప్ (బాగా టాప్‌స్పిన్ ఇచ్చి కొట్టిన బంతి) బలంగా వచ్చి తగిలితే స్పాంజి పూర్తిగా అణిగి, బ్లేడ్ మొత్తం వంగుతుంది. బంతి బ్యాట్‌ను అంటిపెట్టుకుని ఉండేది సెకనులో సుమారు వెయ్యో వంతు. సెకనుకు 1100 సార్లు కంపించే బ్లేడ్‌కు ఒక కంపనం పూర్తి కావడానికి కూడా దాదాపు అంతే సమయం పడుతుంది. వంగిన చెక్క తిరిగి నిటారు కాకముందే బంతి వెళ్లిపోతే, ఆ శక్తి బంతికి చేరకుండా కంపనంగా చేతిలోకి దిగుతుంది. సులభంగా వంగని, బిగువైన బ్లేడ్ త్వరగా తిరిగివచ్చి ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని బంతికే ఇచ్చేస్తుంది. కాబట్టి ఒకే బ్లేడ్ మెల్లని బంతికి ఒకలా, బలమైన బంతికి ఇంకోలా ప్రవర్తిస్తుంది. డిఫెన్స్ ఆటగాడికి కావలసింది బలమైన బంతి శక్తిని మింగేసి, మెల్లని బంతికి మాత్రం చచ్చుగా ఉండని చెక్క. డబ్బాపై ముద్రించే ఒకే ఒక్క ‘స్పీడ్’ అంకె ఈ తేడాను చెప్పలేదు.

ముందు కొలతలు. కిరాణా కొట్టు తూకం కాకుండా, గ్రాములో పదో వంతు చూపే చిన్న డిజిటల్ కాటా కావాలి. రబ్బర్లు లేని డిఫెన్స్ బ్లేడ్ సాధారణంగా 80 నుంచి 95 గ్రాముల మధ్య ఉంటుంది. స్పాంజి లేని లాంగ్ పింపుల్స్ (పొడవాటి బుడిపెలున్న) రబ్బరు చాలా తేలిక కనుక, దాన్ని వాడేవాళ్లకు 90 దాటినా ఇబ్బంది లేదు. రెండువైపులా స్పాంజి ఉంటే మాత్రం 85 దగ్గర ఆగడం మంచిది. లేకపోతే వరసగా పది చాప్‌లు కోసేసరికి మణికట్టు లాగేస్తుంది. దాడి బ్లేడ్‌ల తల సుమారు 157 మిల్లీమీటర్ల పొడవు, 150 వెడల్పు ఉంటే, డిఫెన్స్‌వాటిలో పొడవు 160 నుంచి 165 దాకా పెంచుతారు.

అసలు చూడాల్సింది మందం. వెర్నియర్ క్యాలిపర్స్‌తో తల అంచు చుట్టూ ఆరేడు చోట్ల కొలవాలి. వంపును తట్టుకునే బిగువు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 5.5 మిల్లీమీటర్లు అడిగితే 6.0 వచ్చిందనుకోండి, అదే చెక్కతో బ్లేడ్ దాదాపు 30 శాతం బిగుసుకుపోయినట్టే. ‘అర మిల్లీమీటరే కదా’ అనుకునే తేడా కాదిది. ఒక పక్క 5.5, ఇంకో పక్క 5.8 ఉన్నా ఉప్పు కాగితం పని సరిగ్గా చేయలేదని అర్థం. ఆ బ్లేడ్ వెనక్కి పంపడానికి అదొక్కటే చాలు.

పొరల గురించి కూడా కొంత లెక్క తెలియాలి. అయిదు పొరల 6 మిల్లీమీటర్ల బ్లేడ్‌లో మధ్య పొర 4 మిల్లీమీటర్లు ఉంటే, చెక్కంతా ఒకే రకం అనుకున్నా, బిగువులో దాని వాటా 30 శాతమే. మిగతా 70 శాతం పైనా కిందా ఉన్న పలచటి పొరలదే. అందుకే లింబా వంటి మెత్తటి చెక్క పైపొరగా ఉన్న బ్లేడ్, కోటో వంటి గట్టి చెక్క పైపొరగా ఉన్న బ్లేడ్ మధ్య చేతికి అంత తేడా తెలుస్తుంది. మధ్య పొరకు ఆయుస్, కిరి, బాల్సా వాడతారు. బాల్సా బరువు తగ్గించి మెల్లని బంతిని మింగేస్తుంది, కానీ టేబుల్ అంచుకు ఒక్క దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది. చాప్ ఆటగాడి బ్యాట్‌కు ఆ దెబ్బలు తప్పవు, కాబట్టి అంచు టేప్ వేయాల్సిందే.

మన ఎర్రచందనంతో చేయిస్తే ఎలా ఉంటుందని తిరుపతి జిల్లాలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. దాని నరికివేత, అమ్మకం మీద ఉన్న కట్టడి అటుంచితే, అది నీటిలో మునిగేంత బరువైన చెక్క. 6 మిల్లీమీటర్ల మందంతో తల ఒక్కటే 120 గ్రాములు దాటిపోతుంది. పిడి సంగతి వేరు. ఏర్పేడు మండలం మాధవమాలలో చెక్క శిల్పాలు చెక్కేవాళ్ల ఉలికి మామూలు తేలిక చెక్కతో పిడి చేయడం పెద్ద పని కాదు. తల మాత్రం పొరలను ఒత్తిడిలో అతికించి చేయాలి. అది వేరే పని, వేరే యంత్రం.

పోటీల్లో ఆడాలంటే అంతర్జాతీయ నిబంధన కూడా చూసుకోవాలి. బ్లేడ్ ఎంత పెద్దదైనా, ఏ ఆకారంలోనైనా ఉండవచ్చు, కానీ చదునుగా, గట్టిగా ఉండాలి. మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్క కావాలి. లోపలి జిగురు పొరలో కార్బన్ లాంటి నార వేస్తే, ఆ పొర మొత్తం మందంలో 7.5 శాతాన్ని గానీ 0.35 మిల్లీమీటర్లను గానీ, ఏది తక్కువైతే దాన్ని, మించకూడదు. డిఫెన్స్ బ్లేడ్‌కు కార్బన్ అవసరం అరుదు.

ఇక మోత పరీక్ష. పిడిని రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, తల మధ్యలో బంతితో తట్టి, ఆ ధ్వనిని ఫోన్‌లో స్పెక్ట్రం చూపే యాప్‌తో చూడాలి. ఎత్తుగా కనిపించే మొదటి శిఖరమే బ్లేడ్ ముఖ్య కంపనం. ఉజ్జాయింపుగా 1000 నుంచి 1200 హెర్ట్‌జ్ మధ్య ఉంటే డిఫెన్స్ స్వభావం, 1400 దాటితే దాడి బ్లేడ్ అని చెప్పుకోవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. తల పెద్దదైతే చెక్క మారకపోయినా ఈ అంకె పడిపోతుంది. 157 మిల్లీమీటర్ల పొడవును 163 చేస్తే దాదాపు 7 శాతం తగ్గుతుంది. అందుకే వేరు వేరు సైజుల బ్లేడ్‌ల అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు. తల అంతటా వేలితో తట్టి వినడం కూడా మంచిది. ఒకచోట మాత్రం బొంగురుగానో గరగరగానో వినిపిస్తే, అక్కడ పొరల మధ్య జిగురు అంటలేదని అనుమానించాలి. పిడి దగ్గర గరగర వస్తే పిడి ముక్కలు ఊడుతున్నాయి.

బంతి పరీక్షకు ఖర్చే లేదు. పిడిని బల్ల అంచున గుడ్డ చుట్టి క్లాంపుతో బిగించి, తలను గాలిలో వదలాలి. తల కింద బల్ల ఉంటే చెక్క వంగదు, పరీక్ష వృథా. 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 40 ప్లస్ బంతిని (ఇప్పటి ప్లాస్టిక్ బంతి) వదిలి, ఎగిరిన చప్పుళ్లను ఫోన్‌లో రికార్డు చేయాలి. మొదటి మూడు చప్పుళ్ల మధ్య రెండు విరామాలు వస్తాయి. రెండో విరామాన్ని మొదటి దానితో భాగిస్తే వచ్చేదే ఎగురుడు గుణకం. మొదటి విరామం 0.42 సెకన్లు, రెండోది 0.36 అయితే గుణకం 0.86 అన్నమాట. ఎత్తు కొలవనక్కర్లేదు, అదే ఇందులో సుఖం. పోలికకు ఆట టేబుల్‌నే తీసుకోండి: నిబంధన ప్రకారం 30 సెంటీమీటర్ల నుంచి పడ్డ బంతి సుమారు 23 ఎగరాలి, అంటే గుణకం 0.88 దగ్గర. తల మధ్యలో, కొస వైపు, రెండు పక్కలా, పిడి దగ్గరా, ఒక్కో చోట అయిదారు సార్లు వదిలి సగటు తీయాలి. మధ్యలోనూ కొసలోనూ గుణకం దగ్గర దగ్గరగా ఉన్న బ్లేడే చాప్‌కు మేలు. దూరం నుంచి పరిగెత్తి అందుకునే బంతి ప్రతిసారీ నడిమధ్యలో తగలదు కదా.

అయితే 30 సెంటీమీటర్ల నుంచి పడే బంతి వేగం సెకనుకు రెండున్నర మీటర్లు కూడా ఉండదు. గట్టి లూప్ దానికి కొన్ని రెట్లు. కాబట్టి ఈ గుణకం చెప్పేది పుష్, డ్రాప్ షాట్ లాంటి మెల్లని దెబ్బల సంగతే. ఇందులో ‘చాలా నెమ్మది’ అనిపించుకున్న చెక్క, బలమైన లూప్‌కు బంతిని బయటికి విసిరేయవచ్చు. బాల్సా మధ్య పొర పైన గట్టి పైపొర ఉన్న మందపాటి బ్లేడ్‌లతో తరచూ జరిగేది ఇదే.

అందుకే టేబుల్ పరీక్ష తప్పదు. పాత బ్లేడ్‌కూ కొత్తదానికీ ఒకే రకం, ఒకే మందం, ఒకే వయసు రబ్బర్లు ఉండాలి. కొత్త బ్లేడ్‌కు కొత్త రబ్బరు వేసి, పాతదానికి ఆరునెలల రబ్బరు ఉంచి పోలిస్తే మీరు రబ్బర్లను పరీక్షించినట్టు. సైకిల్ పంక్చర్ సొల్యూషన్‌తో అతికించడం ఇంకా అక్కడక్కడ ఉంది. ఆవిరయ్యే ద్రావకాలున్న జిగురు పోటీల్లో నిషిద్ధం, పైగా అది స్పాంజిని ఉబ్బించి కొలతలన్నీ తారుమారు చేస్తుంది. నీటి ఆధారిత జిగురు పలచగా రాసి, పూర్తిగా ఆరాక అతికించాలి. లింబా పైపొర అయితే ముందే నీటి ఆధారిత పాలీయురేతేన్ ఒక పూత, మహా అయితే రెండు, పలచగా వేయాలి. వేయకపోతే రబ్బరు మార్చేటప్పుడు చెక్క చీలికలు లేస్తాయి. దళసరిగా వేస్తే పైపొర గట్టిపడి, నెమ్మదికోసం పెట్టిన డబ్బు గంగలో కలుస్తుంది.

నెట్ ఎత్తు 15.25 సెంటీమీటర్లు. దాని మీద ఇంకో 15 సెంటీమీటర్ల ఎత్తున రెండు కర్రల మధ్య దారం కట్టండి. అవతల వైపు చివరి గీత నుంచి 60 సెంటీమీటర్ల దగ్గర సుద్దతో ఇంకో గీత గీయండి. దారం కింద నుంచి వెళ్లి, ఆ రెండు గీతల మధ్య పడిన చాప్‌కే మార్కు. నిలకడగా లూప్ కొట్టగలిగే భాగస్వామి 50 మధ్యస్థ లూప్‌లు, కాస్త విరామం తర్వాత 50 గట్టి లూప్‌లు ఇవ్వాలి. మొదట పాతది, తర్వాత కొత్తది రెండుసార్లు, చివర మళ్లీ పాతది అన్న వరసలో ఆడితే అలసట ఒకే బ్లేడ్ మీద పడదు. ఏ బ్లేడ్ వాడుతున్నారో భాగస్వామికి చెప్పకండి. తెలిస్తే తెలియకుండానే కొట్టే బలం మారుతుంది.

లెక్క చూసేటప్పుడు తొందర వద్దు. పాతదానితో 50లో 35 పడ్డాయి, కొత్తదానితో 40 పడ్డాయంటే సంబరపడాల్సిందేమీ లేదు. ఈ సంఖ్యల్లో అయిదు మార్కుల తేడా కేవలం అదృష్టం వల్ల తరచూ వస్తుంది. తొమ్మిది, పది దాటితేనే బ్లేడ్ పని అనుకోవచ్చు. మార్కుకన్నా తప్పు తీరు ఎక్కువ చెబుతుంది. మధ్యస్థ లూప్‌లన్నీ చక్కగా పడి, గట్టివి మాత్రమే దారం పైనుంచి పోతుంటే బ్లేడ్ బిగువు ఎక్కువ. గట్టివి పడి, మెల్లనివి నెట్‌కు తగులుతుంటే మరీ చచ్చు చెక్క. రెండూ అటూ ఇటూ పోతుంటే బ్లేడ్‌ను తిట్టేముందు కాళ్ల కదలిక చూసుకోవాలి.

మెల్లని బంతి సంగతి ఇప్పుడు మునుపటికన్నా ముఖ్యం. 2000లో బంతి 38 నుంచి 40 మిల్లీమీటర్లకు పెరిగింది, 2014 నుంచి సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ వచ్చింది. రెండు మార్పులూ స్పిన్‌ను తగ్గించాయి. లాంగ్ పింపుల్స్ బంతి మీదున్న స్పిన్‌ను చాలావరకు అలాగే ఉంచి దిశ మాత్రమే తిప్పుతాయి కాబట్టి, వచ్చే టాప్‌స్పిన్ తగ్గితే పోయే బ్యాక్‌స్పిన్ (వెనక్కి తిరిగే స్పిన్) కూడా తగ్గుతుంది. ఆ లోటును చేతి వేగంతో పూడ్చాలి, అవకాశం వచ్చినప్పుడు ఫోర్‌హ్యాండ్‌తో కొట్టాలి. 2003 ప్రపంచ పోటీల ఫైనల్‌కు చేరిన కొరియా డిఫెన్స్ ఆటగాడు జూ సె-హ్యూక్ అప్పటికే కోయడంతో పాటు గట్టిగా కొట్టేవాడు కూడా. అతి నెమ్మది బ్లేడ్‌ను గొప్పగా చెప్పుకునే అలవాటు సెల్యులాయిడ్ కాలంది. కాబట్టి పరీక్షలో 30 ఫోర్‌హ్యాండ్ లూప్‌లు, కొన్ని డ్రాప్ షాట్లు కలపాలి. బ్యాట్‌ను వేళ్లలో తిప్పి రబ్బర్లు మార్చి ఆడేవాళ్లు నేరు పిడి, వెడల్పు పిడి రెండూ పట్టుకుని చూశాకే ఆర్డర్ ఇవ్వాలి.

ఒక వైపు గట్టి పొర, ఇంకో వైపు మెత్తటి పొర ఉన్న బ్లేడ్ అడగాలన్న కోరిక చాలామందికి పుడుతుంది. కాగితం మీద బాగుంటుంది, కానీ చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది. రెండు వైపులా ఒకేలా ఉబ్బకపోతే బ్లేడ్ వంకర తిరుగుతుంది. గాలిలో తేమ 50 శాతం దగ్గర చెక్కలో నీరు సుమారు 9 శాతం, 80 శాతం దగ్గర 16. తిరుపతిలో మే నెల ఎండకూ, ఈశాన్య రుతుపవనాల అక్టోబరు, నవంబరు వానలకూ మధ్య ఈ తేడాను బ్లేడ్ చవిచూస్తుంది. పూత లేని 85 గ్రాముల బ్లేడ్ పూర్తిగా పీల్చుకుంటే అయిదు గ్రాముల దాకా బరువెక్కవచ్చు. నీరు పట్టిన చెక్క బిగువూ తగ్గుతుంది. ఏసీ లేని హాల్లో ఆడేవాళ్లు మేలో చేసిన కొలతలను నవంబరులో నమ్ముకోకూడదు. బరువు, మోత, ఎగురుడు గుణకం రెండు కాలాల్లోనూ తీసి తేదీతో రాసి పెట్టుకోవాలి. స్టీల్ స్కేలు అంచును తల మీద అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఆనించి కింద వెలుతురు కనిపిస్తుందేమో చూడాలి. బ్యాట్‌ను బండి డిక్కీలో ఎండలో వదిలేసినా ఇదే గతి, జిగురు కూడా వదులవుతుంది. జిప్ కవర్లో ఒక చిన్న సిలికా జెల్ పొట్లం వేసి ఇంట్లో పెడితే చాలు.

అన్నీ చూశాక బ్లేడ్ కొంచెం వేగంగా ఉందనిపిస్తే వెంటనే కొత్తది ఆర్డర్ చేయనక్కర్లేదు. లాంగ్ పింపుల్స్ కింద స్పాంజి ఉంటే 1.0 నుంచి 0.5 మిల్లీమీటర్లకు దించి చూడండి, ఫోర్‌హ్యాండ్ వైపు స్పాంజిని 1.5కి తగ్గించండి. అయినా గట్టి లూప్‌లు పైనుంచే పోతుంటే, అప్పుడు తయారీదారుకు రాయండి. ‘ఇంకా నెమ్మదిగా కావాలి’ అంటే వాళ్లకు ఏమీ అర్థం కాదు. 5.8 ఉన్నదాన్ని 5.5 చేయమని, పైపొర కోటో బదులు లింబా వేయమని, పాత బ్లేడ్ హెర్ట్‌జ్ ఇంత, తల సైజు ఇంత అని అంకెలతో రాస్తే పని జరుగుతుంది.