ఎగరడం ఒక ఎత్తు, నమ్మడం ఒక ఎత్తు

బెంగళూరులో కుందలహళ్లి అనగానే మనవాళ్లకు పీజీలు, ఆంధ్రా మెస్సులు, సాయంత్రం ట్రాఫిక్ గుర్తొస్తాయి. విమానాలకు దారి చూపే కేంద్రం ఒకటి అక్కడే ఉందని తెలిసినవాళ్లు తక్కువ. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, ఇస్రో కలిసి నిర్మించిన, జీపీఎస్ తప్పులను సరిదిద్దే ‘గగన్’ వ్యవస్థకు నియంత్రణ కేంద్రం అది. పైలట్ లేని విమానాల సంగతి ఎవరైనా అడిగితే నేను ముందు దీని గురించే చెబుతాను.

విమానం తనంతట తాను ఎగరడం కొత్తేమీ కాదు. 1914లోనే లారెన్స్ స్పెర్రీ అనే అమెరికన్ యువకుడు పారిస్ దగ్గర విమానాన్ని గైరోస్కోపులకు (ఒరుగును పసిగట్టే పరికరాలకు) అప్పగించి, రెండు చేతులూ పైకెత్తి కింది జనానికి చూపించాడు. 1965లో లండన్‌లో ప్రయాణికులతో దిగుతున్న ట్రైడెంట్ విమానాన్ని నేల తాకే ఘట్టంలో యంత్రమే నడిపింది. మరి ఇన్నేళ్లయినా కాక్‌పిట్‌లో మనిషి ఎందుకున్నాడు? ఎగరడం వేరు, తనకు అందుతున్న సమాచారం నిజమో కాదో తేల్చుకోవడం వేరు. ఆ రెండో పని కోసమే మనకు పైలట్ కావాలి.

జీపీఎస్ సంగతే చూడండి. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం అయనావరణం అనే పైవాతావరణ పొర దాటి రావాలి. అక్కడి ఎలక్ట్రాన్లు దాన్ని కాస్త ఆలస్యం చేస్తాయి. ఆ ఆలస్యం కింద మీటర్ల తేడాగా తేలుతుంది. అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది కాబట్టి మన నెత్తిమీది అయనావరణం మరీ నిలకడ లేనిది, పొద్దుగూకాక ఇంకా ఎక్కువ. అందుకే దేశంలో 15 చోట్ల గగన్ రిఫరెన్స్ స్టేషన్లు పెట్టారు. తమ స్థానం వాటికి కచ్చితంగా తెలుసు. జీపీఎస్ చెప్పేదాన్ని దానితో పోల్చి చూస్తుంటాయి. తేలిన సవరణలు జీశాట్ ఉపగ్రహాల ద్వారా విమానాలకు చేరతాయి. సవరణ కంటే విలువైనది ఇంకొకటుంది: ‘ఈ ఉపగ్రహాన్ని ఇప్పుడు నమ్మొద్దు’ అనే హెచ్చరిక. అది సెకన్లలో అందుతుంది.

ఈ ఆసరాతోనే 2023 డిసెంబరులో చిత్రదుర్గ పరీక్షా కేంద్రంలో తోక లేని ఒక మానవరహిత విమానం, నేల మీద రాడార్ సాయం లేకుండా, తనంతట తానే రన్‌వే మీద దిగింది. దాన్ని రూపొందించింది బెంగళూరులోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఏడీఈ. రన్‌వే కచ్చితంగా ఎక్కడుందో ముందే కొలిచి పెట్టుకుంటే చాలు, ఎక్కడైనా దిగగలదు. సరిహద్దు ఎయిర్‌స్ట్రిప్పులకు సరుకు చేర్చాల్సిన దేశానికి ఇది చిన్న విషయం కాదు.

విమానం లోపలా ఇదే లెక్క. 2001 జనవరి 4న బెంగళూరులో తొలిసారి ఎగిరిన తేజస్ యుద్ధవిమానంలో నియంత్రణ వ్యవస్థ ఒకే పని చేసే నాలుగు వరసలుగా ఉంటుంది. గాలికి రెక్క ఎంత కోణంలో ఉందో మూడు సెన్సర్లు 6 డిగ్రీలనీ, నాలుగోది 14 అనీ చెప్పాయనుకోండి. పంచాయతీలో పెద్దమనుషుల్లా కంప్యూటర్లు పోల్చుకుని నాలుగోదాన్ని పక్కన పెడతాయి. రెండే ఉండి, రెండూ చెరో మాట చెబితే? అబద్ధం ఏదో తేలదు. ఒకటే ఉంటే అసలు అనుమానమే రాదు. 2018, 2019లలో రెండు బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది చనిపోయారు. ముక్కును కిందికి దించే సాఫ్ట్‌వేర్ ఒకే ఒక్క సెన్సర్ మాట నమ్మింది.

సరుకు విమానాలు ముందుగా పైలట్ లేని దారి పట్టడానికి కారణం తేలికే: లోపల ప్రయాణికులు ఉండరు, చిన్న రూట్లలో పైలట్ ఖర్చు భారమవుతుంది. 2023 నవంబరులో కాలిఫోర్నియాలో రిలయబుల్ రోబోటిక్స్ సంస్థ ఒక సెస్నా కారవాన్‌ను లోపల ఎవరూ లేకుండా దాదాపు 12 నిమిషాలు ఎగరేసి దించింది. దూరం నుంచి ఒక పైలట్ గమనిస్తూ ఉన్నాడు. అయితే లోపల ఎవరూ లేరన్న ధీమా నాకు నచ్చదు. బెంగళూరులో జనం కిక్కిరిసిన మారతహళ్లి లాంటి చోట విమానం కింద ఉండేది వేలమంది.

రక్షణ రంగంలో చిక్కు మరోలా ఉంటుంది. శత్రువు రేడియో సంకేతాలను అడ్డుకుంటాడు, దొంగ జీపీఎస్ సంకేతాలు పంపుతాడు. అప్పుడు విమానం తన గైరోస్కోపుల లెక్కనే పట్టుకుని ఇంటిదారి వెతుక్కోవాలి. దారి వెతుక్కోవడం వరకు యంత్రానికి వదలొచ్చు. ఆయుధం వదిలే నిర్ణయం మాత్రం మనిషి చేతిలోనే ఉండాలి.

ఇక కృత్రిమ మేధ. అమెరికాలో ఎక్స్-62ఏ అనే విమానాన్ని నేర్చుకునే ప్రోగ్రాం నడుపుతూ, 2023లో మనిషి నడిపే ఎఫ్-16 యుద్ధవిమానంతో గగనతల పోరు పరీక్షలు చేసింది. జాగ్రత్తకు పైలట్లు లోపలే ఉన్నారు. పౌర విమానయానంలో ప్రాణాంతక వైఫల్యం 100 కోట్ల గంటలకు ఒకటి మించకూడదన్నది ప్రమాణం. అంటే లక్ష సంవత్సరాలకు పైమాటే. ఎగరేసి చూసి రుజువు చేయడం అయ్యే పని కాదు. అందుకే ఇంజనీర్లు నేర్చుకునే ప్రోగ్రాం పక్కన చిన్నది, లైను లైనూ తనిఖీ చేయగలిగినది మరొకటి కాపలా పెడుతున్నారు. మొదటిది ఏం చెప్పినా, నేల మరీ దగ్గరవుతోందంటే రెండోది పగ్గాలు లాక్కుని ముక్కు పైకెత్తుతుంది.